ఊరందరికీ ఒకటే ఉంగరం

కువాంగ్ దోంగ్‌షియుని నేను పదేళ్ళు తిట్టాను. ఏదో నోటికొచ్చినట్టు కాదు, శ్రద్ధగా తిట్టాను. పొద్దున పొయ్యి రాజేస్తూ ఒక విడత, పందులకు కుడితి పోస్తూ ఇంకో విడత. మా శిపాన్ లోయలో ఇరవై గడపలుంటే ఇరవై గడపల్లోనూ ఆడవాళ్ళకు అదే పని. ఆవిడ మా మహిళా డైరెక్టరు. ఏ ఇంట్లో ఎవరి కడుపు ఎంత ఎత్తుగా ఉందో చూసి పైవాళ్ళకు రాయడం ఆవిడ ఉద్యోగం. జీతం అంతంత మాత్రం. పరాయివాళ్ళ కడుపుల్లోకి తొంగిచూడనిస్తున్నారు కదా, అదే దానికి జీతం అనేది మా అత్త.

ఇంటికి ఒక్క బిడ్డే అన్న నియమం మా లోయకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెద్దూరి నుంచి ఆఫీసర్లు వచ్చి, ధాన్యం కొట్టు ముందు బల్ల వేసి, సన్నటి ఉక్కు తీగతో చేసిన గుండ్రటి లూప్ ఒకటి ఎత్తి చూపించి, ఇది గర్భసంచిలో పెడితే ఇక కడుపు రాదన్నారు. దాన్ని మేము ఉంగరం అనేవాళ్ళం. వేలికి పెట్టుకునే ఉంగరం మాలో ఒక్కరికీ లేదు గానీ, ఇది మాత్రం ప్రభుత్వం ఉచితంగా ఇస్తానంది. ముందు ఎవరు వేయించుకుంటారని అడిగితే అందరం చెప్పుల వంక చూశాం. దోంగ్‌షియు బల్లెక్కి “నాకు వెయ్యండి” అంది. అప్పటికి ఆవిడకు ఒక్కతే కూతురు, ఇంకా పాలు తాగుతోంది. ఆ సాయంత్రమే వాళ్ళత్త, ఇక ఆ ఇంట మనవడు పుట్టడని, తన అన్నం గిన్నె, చాపస్టిక్కులు చంకన పెట్టుకుని చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. చచ్చేదాకా పెద్దకోడలి గడప తొక్కలేదు. వారం తిరక్కుండా దోంగ్‌షియుని డైరెక్టర్ని చేశారు, ధాన్యం కొట్టు మీదున్న లౌడ్‌స్పీకర్ కూడా ఆవిడ చేతికే ఇచ్చారు.

ఆ లౌడ్‌స్పీకర్ వల్లే ఆవిడకు బుర్ర లేదని మేము తీర్మానించుకున్నాం. తనిఖీకి ముందురోజు ఇలా అరిచేది: “రేపు ఎనిమిదింటికి పైవాళ్ళొస్తున్నారు! లెక్కలో లేని పిల్లల్ని తూర్పు కొండ మీద వెదురుతోపులోకి తోలడానికి వీల్లేదు! అక్కడ పాకలో దాయడానికి వీల్లేదు! పాకలో కుండ నిండా నీళ్ళున్నాయని నాకు తెలుసు!”

“ఇదెక్కడి తిక్కల మనిషే! దాక్కునే చోటు అదే అరిచి చెబుతోంది” అని పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళం. మర్నాడు పిల్లల్ని తూర్పు కొండకే తోలేవాళ్ళం. నిజంగానే కుండ నిండా నీళ్ళుండేవి. ఆవిడ ఆఫీసర్లను వెంటబెట్టుకుని పడమటి కొండంతా గాలించి, కాళ్ళు పీకుతున్నాయని కూలబడేది. దాని కర్మ అనుకునేవాళ్ళం.

కొండకు పంపడానికి వీలుకాని పిల్లలకు ఒక్క ముక్క నేర్పాం. “ఎవరి పిల్లవి?” అని ఎవరడిగినా “చుట్టపుచూపుగా వచ్చాను, పక్క లోయ మాది” అనాలి. పక్క లోయవాళ్ళూ తమ పిల్లలకు అదే నేర్పారు. రెండు లోయలూ తిరిగిన ఒక ఆఫీసరు, ఈ ప్రాంతంలో రాకపోకలు, మర్యాదలు చాలా ఎక్కువని మెచ్చుకుంటూ రాసుకుపోయాడు. కనడం మానేసిన లోయ అని మాకు వరసగా మూడేళ్ళు ఎర్ర వెల్వెట్ జెండా ఇచ్చారు. దాన్ని ధాన్యం కొట్టు గోడకు తగిలించారు. దాని కిందే లెక్కలో లేని పదిమంది పిల్లలు గోళీలాడుకునేవాళ్ళు.

ఆ జెండా ఎలా వచ్చిందో చెబితేగానీ మిగతా కథ నడవదు. మూడు నెలలకోసారి మేము కొండ దిగి పెద్దూరి క్లినిక్కుకు పోవాలి. బల్ల మీద పడుకుంటే డాక్టరు పొట్ట మీద జిగురు పూసి, మిషను పిడి ఆనించి, తెర మీద చూస్తాడు. ఉంగరం దాని చోట ఉండి, కడుపు ఖాళీగా ఉంటే కార్డు మీద ముద్ర పడుతుంది. కార్డు మీద పేరుండేది గానీ ఫోటో ఉండేది కాదు. డాక్టర్ ఓయాంగ్ అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆడదాని మొహంలోకి చూడడం తప్పని వాళ్ళమ్మ చెప్పిందట. కడుపులోకి చూడడం గురించి ఆవిడేమీ చెప్పినట్టు లేదు. ఆయన చూపు తెర మీంచి కదిలేది కాదు.

నాకు రెండోవాడు కావాలనిపించినప్పుడు, కొండవతల పందుల వైద్యుడి పెళ్ళాం చేత గుట్టుగా ఉంగరం తీయించుకున్నాను. కొంకి పెట్టి లాగేస్తుంది ఆ మహాతల్లి. ఆ నొప్పి పగవాళ్ళకు కూడా వద్దు. తీరా కడుపొచ్చాక, తనిఖీకి ఏ మొహం పెట్టుకుని పోను? మా తోడికోడలు లాన్‌మే అంది: “నీ కార్డిటు ఇయ్యక్కా, నేనెళ్ళొస్తా. వాడు మొహం చూస్తాడా పాడా!” దాని మొగుడు గువాంగ్‌డాంగ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఏడాదికోసారి కొత్త సంవత్సరానికి వచ్చేవాడు. దానికి ఒక్కడే కొడుకు. ఉంగరం దాని చోటనే ఉంది, కడుపు ఎప్పుడూ ఖాళీ.

అది నా పేరుతో పడుకుంది, ముద్ర పడింది. గుట్టు గడప దాటింది. మరుసటి తనిఖీకి, సోయా పాల గడ్డలు అమ్మే టోఫూ వదిన వచ్చి బతిమాలింది. ఆపై తనిఖీకి ఇంకో ఇద్దరు. రెండేళ్ళు తిరిగేసరికి లోయలో లిస్టులో ఉన్న తొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఏడుగురం లాన్‌మే కడుపు మీదే బతుకుతున్నాం. ఎనిమిదోది లాన్‌మే, తొమ్మిదోది డైరెక్టరమ్మ, ఆవిడను జిల్లా ఆసుపత్రిలో చూసేవాళ్ళు. బిడ్డను కన్నవాళ్ళకు కూడా దాని కడుపే దిక్కు. ఉంగరం లేదని తెలిస్తే ఎందుకు తీశావు, ఎప్పుడు తీశావు అని తీగ లాగుతారు, డొంకంతా కదులుతుంది.

లాన్‌మే ఆ పని ఎంత నిష్ఠగా చేసేదో! నా పేరుతో పడుకున్నప్పుడు నాలాగే దగ్గేది. టోఫూ వదిన పేరుతో పడుకున్నప్పుడు రుమాలు నుదుటి మీదికి లాక్కుని, ఆమెలాగే గురక పెట్టినట్టు ఊపిరి తీసేది. ఒకసారి డాక్టరు “ఏమ్మా, బొత్తిగా చిక్కిపోయావు, గుడ్లు తిను” అని నన్ను కసిరాడట. అయిదు నిమిషాలు తిరక్కుండా అదే పొట్ట చూసి “వెరీ గుడ్, బాగా ఒళ్ళు చేశావు” అని టోఫూ వదినను మెచ్చుకున్నాడట. బదులుగా మేము దాని పొలంలో నాట్లు వేసేవాళ్ళం. మొగుడు ఊళ్ళో లేని లాన్‌మే మడి లోయలో అందరికన్నా ముందు పచ్చబడేది. అది బల్ల మీద నడుం వాల్చేది, మేము బురదలో నడుం వంచేవాళ్ళం.

ఆ ఏడాది జూన్ తనిఖీ రోజున లాన్‌మే ఎనిమిది కార్డులు జేబులో వేసుకుని కొండ దిగింది. ముందు నా పేరుతో పడుకుంది. డాక్టరు తెర వైపు చూస్తూ పిడిని ఒకేచోట తిప్పి తిప్పి ఆనించాడట.

“ఉంగరం ఉంది” అన్నాడు చివరికి. “ఉంగరం పక్కన ఇంకొకరు కూడా ఉన్నారు. నాలుగో నెల.”

అది నాలాగే దగ్గిందట, ఇంకేం చేస్తుంది! నా కార్డు మీద ‘గర్భిణి’ అని రాశాడు. మిగతా ఏడు కార్డులూ జేబులోంచి తీయకుండానే అది కొండెక్కింది. సాయంత్రానికి మేము ఏడుగురం నా వంటింట్లో దాన్ని చుట్టుముట్టాం.

“ఒసేయ్, ఏడుగురు వాడుకునే కడుపే నీది! మాకొక్క ముక్క చెప్పకుండా ఎట్టా నింపుకున్నావే?” అని టోఫూ వదిన చేతిలో గరిటెతో మీదికెళ్ళింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అన్నాను.

“మే నెల్లోనే అక్కా.”

“తెలిసీ బల్లెక్కావా? నీకు మతుందా?”

“ఎక్కకపోతే మీ ఏడుగురూ దొరికిపోరా? డాక్టరు సరిగా చూడడులే అనుకున్నా” అంది. తర్వాత ఏడుపు అందుకుంది. “ఈ బిడ్డ నాక్కావాలి. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో నేనూ నా కొడుకూ. వాడు గోడతో మాట్లాడుకుంటున్నాడు. ఏడుగురికి అరువిచ్చిన కడుపక్కా, ఒక్కసారి నన్ను వాడుకోనివ్వరా?”

టోఫూ వదిన చేతిలో గరిటె దిగిపోయింది. కార్డు మీద గర్భిణి అని రాస్తే ట్రాక్టరొస్తుంది. ఆ ట్రాక్టరు పొలం దున్నడానికి రాదు. ఎక్కించుకుని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోతుంది. అక్కడ ఎన్నో నెల అని అడగరు. పోయేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒక్కరు. పక్క లోయలో అలా వచ్చినామె ఒకతె ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడలేదు. నా పేరు మీద ట్రాక్టరొస్తే నా కడుపు ఖాళీ అని, ఉంగరం లేదని తేలుతుంది. నా తర్వాత అందరి కార్డులూ తీస్తారు. చివరికి లాన్‌మే దగ్గరికొస్తారు. కుడితిలో పడ్డ ఎలుకల్లా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

“మీ అరుపులు ధాన్యం కొట్టు దాకా వినిపిస్తున్నాయి” అంది గుమ్మం దగ్గర ఒక గొంతు. “లౌడ్‌స్పీకర్ నాకెందుకిచ్చారో, మీకిస్తే సరిపోయేది.”

డైరెక్టరమ్మ! ఎప్పట్నుంచి నిలబడిందో. తిన్నగా లోపలికొచ్చి, పీట లాక్కుని, “అన్నముందా? ఊరమిరపకాయలు కూడా వెయ్యి” అంది. నేను వడ్డించాను. తింటూనే లాన్‌మే వైపు చూసింది.

“ఎవరిదే?”

“మా ఆయనదే డైరెక్టరమ్మా! కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు…”

“అది కాదే మొద్దూ. ఎవరి పేరు మీద రాశాడు అని.”

“గుయ్‌జెన్ అక్క పేరు మీద.”

గుయ్‌జెన్ అంటే నేను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి “దీనికి కడుపేంటి, దీని చిన్నోడు మొన్ననేగా వెదురుతోపులో నా కుండ పగలగొట్టాడు” అంది.

నా కుండ! ఆ మాటకి ఏడుగురం ఒకేసారి నోళ్ళు తెరిచాం. పాకలో నీళ్ళు పోసిందెవరో, లౌడ్‌స్పీకర్లో ఏ కొండ పేరు ఎందుకు అరిచిందో అప్పుడుగానీ మా మట్టి బుర్రలకు ఎక్కలేదు. పదేళ్ళు దాన్ని తిక్కల మనిషన్నాం. తిక్కలవాళ్ళం మేము.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆఫీసు ఫోన్లో జిల్లావాళ్ళతో పోట్లాట పెట్టుకుంది. కిటికీ కింద నక్కి విన్నాను. “మూడేళ్ళు వరసగా జెండా గెలిచిన లోయ అయ్యా మాది! ఇక్కడ కడుపెట్టా వస్తుంది? వచ్చిందంటే మీరిచ్చిన జెండా తప్పా? మీ సంతకాలు తప్పా? అది కాకపోతే మిషనే తప్పు!” అవతలివాళ్ళు జెండా తప్పని ఒప్పుకుంటే ఎంతమంది కుర్చీలు కదులుతాయో లెక్క వేసుకుని ఉంటారు. మిషనే పాడైందని ఖాయం చేశారు. ట్రాక్టరు ఆగింది.

ఆగిందని సంబరపడేలోపే ఇంకో కబురు. మిషను తప్పేనని రుజువు చేయడానికి కొత్త మిషను పంపుతున్నారట. లిస్టులో ఉన్న తొమ్మిదిమందినీ గురువారం మళ్ళీ చూస్తారట. జిల్లా ఆఫీసరే వచ్చి కూర్చుంటాడట. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

“నిజం చెప్పండి” అంది డైరెక్టరమ్మ, మళ్ళీ నా వంటింట్లో. “ఎవరెవరికి ఉంగరం ఉంది?”

ఆవిడ మా మొహాల వంక చూస్తూ వేళ్ళు ముడుస్తూ పోయింది. ఏడు వేళ్ళు ముడిచాక లాన్‌మే దగ్గర ఆగింది.

“నాకుందిగా” అంది లాన్‌మే చిన్నగా.

“నీ ఉంగరం పక్కన ఇంకొకరు కాపురం పెట్టారుగా తల్లీ.” ఎనిమిదో వేలు కూడా ముడిచింది. “అయితే లోయ మొత్తానికి మిగిలింది నాదొక్కటే. ఈ ఒక్క ఉంగరానికా మూడు జెండాలిచ్చారు!” అని పకపకా నవ్వింది. ఆవిడ నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం.

గురువారం జిల్లా ఆఫీసరు క్లినిక్కు వరండాలో బల్ల వేసుకుని, లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కుర్రవాడు, చెమటలు కక్కుతున్నాడు. “పల్లెటూరి ఆడవాళ్ళు, కొత్త మిషనంటే జడుసుకుంటారు. నేను లోపల పక్కనుంటా” అని డైరెక్టరమ్మ అతనికి చెప్పింది. అతను తలూపాడు. పరదా వెనక్కి రావడానికి అతనికే సిగ్గుగా ఉంది.

మొదటి పేరు నాది. ఆఫీసరు నన్ను చూసి, కార్డు చూసి, టిక్కు పెట్టాడు. పరదా దాటగానే డైరెక్టరమ్మ నన్ను రెక్క పట్టి గోడవారకు నెట్టి, చేతిలో తువ్వాలు పెట్టి, తను బల్ల మీద పడుకుంది. నాలాగే దగ్గింది కూడా. ఎక్కడ నేర్చుకుందో! డాక్టరు తెర వైపే చూస్తూ చెయ్యి చాపాడు.

“ఉంగరం ఉంది. కడుపు ఖాళీ. తర్వాత!”

“నేను తువ్వాలు అందిస్తూ ఇక్కడే ఉంటా” అని పరదాలోంచి ఆఫీసరుకు వినపడేలా అన్నాను. టోఫూ వదిన వచ్చింది, నా పక్కన గోడకు అతుక్కుంది. డైరెక్టరమ్మ రుమాలు నుదుటి మీదికి లాక్కుని గురక ఊపిరి తీసింది. తర్వాత! మూడోసారి డాక్టరు చెయ్యి ఆగిపోయింది.

“రెండేళ్ళుగా ఎనిమిది పేర్లతో ఒకటే కడుపు చూస్తున్నాను” అన్నాడు మెల్లిగా. “దాని గర్భసంచి ఎడమకు వాలి ఉంటుంది. ఇది నిటారుగా ఉంది. ఇదెవరిది?”

మొహాలు చూడని మనిషి కదా అని మేము ధైర్యంగా ఉన్నాం. ఆయన మమ్మల్ని మొహాలతో గుర్తుపట్టనే లేదు. కడుపుతో గుర్తుపట్టాడు.

“నాదే డాక్టరుగారూ” అంది డైరెక్టరమ్మ.

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పాడు. అన్నేళ్ళలో మొదటిసారి బల్ల మీది మనిషి మొహం చూశాడు. పట్టుకోవలసిన మనిషే అక్కడ పడుకుని ఉంది.

“ఏమైంది? ఏమన్నా ఉందా?” అని బయట ఆఫీసరు కేకేశాడు.

డాక్టరు మళ్ళీ తెర వైపు తిరిగాడు. “ఉంగరం ఉంది! కడుపు ఖాళీ! తర్వాత!”

అలా ఏడు పేర్లూ అయ్యాయి. ఆవిడ పొట్ట మీది చర్మం జిగురుకీ తువ్వాలుకీ కందిపోయింది. ఎనిమిదోసారి లాన్‌మే వచ్చింది, మామగారి వదులు చొక్కా వేసుకుని, చేతి సంచి పొట్టకు అడ్డం పెట్టుకుని. డైరెక్టరమ్మ పడుకుంది. డాక్టరు తెర చూస్తూనే అడిగాడు.

“ఎడమకు వాలిందానివి నువ్వేనా?”

“నేనే అయ్యా” అంది లాన్‌మే, ఏడుపు గొంతుతో.

“బిడ్డ ఉంగరానికి దూరంగానే ఉంది, భయపడకు. నెలకోసారి వెనక గుమ్మంలోంచి రా.” ఆ తర్వాత గొంతు పెంచాడు. “ఉంగరం ఉంది! కడుపు ఖాళీ!”

లాన్‌మే బయటికెళ్ళింది. ఆఫీసరు టిక్కు పెట్టడం నాకు వినిపించింది. నేను గోడవారన అలాగే కూర్చుండిపోయాను.

ఇక తొమ్మిదో పేరు కువాంగ్ దోంగ్‌షియు. ఆవిడ బల్ల దిగకుండానే తన పేరు తనే పిలుచుకుంది. ఈసారి డాక్టరు ముద్ర వేసే తొందరలో లేడు. పిడిని అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశాడు.

“ఇదెప్పుడు వేశారమ్మా?”

“మొదటి రోజే. పదమూడేళ్ళవుతోంది.”

“కండలోకి దిగిపోయింది. ఎనిమిదిసార్లు చూశాను, ప్రతిసారీ నాకే నొప్పిగా ఉంది. నీకు లేదా?”

“వంగితే ఉంటుంది. బరువెత్తితే ఉంటుంది.”

“రక్తం?”

“అప్పుడప్పుడు.”

“నీకు నలభై ఆరు. ఇది ఉంచుకుని నువ్విప్పుడు ఆపేదేమీ లేదు. ఇవాళే తీసేస్తాను. వయసు మీరిందని నేనే రాసిస్తా, ఎవరూ అడగరు.”

ఆవిడ లేచి కూర్చుని చొక్కా కిందికి లాక్కుంది. నేనిచ్చిన తువ్వాలు తీసుకుని, దాన్ని నాలుగు మడతలు వేస్తూ అంది:

“ఎలా తీస్తావయ్యా? సెప్టెంబర్లో మళ్ళీ వీళ్ళందరి పేర్లతో పడుకోవాలిగా.”

నేను మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను. పదేళ్ళు తిట్టిన నోటిని కూడా వాటితోనే మూసుకున్నాను. నన్ను చూసి ఆవిడ మండిపడింది.

“ఏడుపెందుకే? లే! ఎండెక్కుతోంది, కొండెక్కాలి. ఆ లాన్‌మేని ఒక్కదాన్నే నడవనివ్వకు.”